సిక్ లైన్లో పసుప్పచ్చ విమానం

జూన్ 1, ఆదివారం

జయప్రకాష్‌తో నాకు ఇక పని లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ స్నేహం ఈ ఉదయం పదిన్నరకి అయిపోయింది. దీనికి రాతలో సాక్ష్యం ఉండాలని ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ఆఫీసు వాళ్ళు పోయినేడు ఇచ్చిన డైరీ కాబట్టి వారాలు కలవవు. నేనే కొట్టేసి రాసుకుంటున్నాను. తాళం వేయక్కర్లేదు. మా అమ్మాయి స్వాతికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. నా భార్య నీలవేణికి చదవడం వచ్చు గాని నా రాత అర్థం కాదంటుంది.

జరిగింది ఇది. బల్ల మీద మా పైపర్ కబ్ ఉంది. అసలుదైతే ఇద్దరు కూర్చునే చిన్న విమానం. మాది జానెడు ప్లాస్టిక్‌ది. కుడి రెక్క కింద సన్నటి ఆనుపు కడ్డీ అతికించాలి. ఎప్పటిలాగే వాడు రెక్క పట్టుకున్నాడు, నేను ట్వీజర్‌తో కడ్డీ పట్టుకున్నాను. ఆ కడ్డీ వెళ్ళవలసిన గుంటలోకి తప్ప చుట్టుపక్కల అన్నిచోట్లకీ వెళ్ళింది.

“ఒరే, నీ చెయ్యి వణుకుతోందిరా” అన్నాడు.

“ఫ్యాను గాలి.”

వాడు లేచి ఫ్యాను ఆపేశాడు. జూన్ నెలలో, బిలాస్‌పూర్‌లో, పొద్దున్న పదిన్నరకి ఫ్యాను ఆపేశాడు. చెమటలు కారుతూ ఇద్దరం నా చేతినే చూస్తూ కూర్చున్నాం.

“ఇప్పుడేటి మరి?” అన్నాడు.

నేను వాణ్ణి ఇంటికి పొమ్మన్నాను. వెళ్ళిపోయాడు. ఫ్యాను మళ్ళీ వెయ్యకుండానే వెళ్ళాడు. అదీ మనిషి.

జూన్ 2, సోమవారం

చెయ్యి వణకడం లేదు. పొద్దున్నే పరీక్షించాను. జేబులో పెట్టుకుంటే అసలు కదలదు.

జూన్ 4, బుధవారం

ఈ నెల ముప్పైన జయప్రకాష్ రిటైరవుతున్నాడు. జూలై నాలుగున క్వార్టర్ ఖాళీ చేసి బొబ్బిలి వెళ్ళిపోతాడు. అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. వెళ్ళేలోగా ఈ కబ్ ఇద్దరం పూర్తి చేయాలని అనుకున్నాం. ఇప్పుడు నేనొక్కణ్ణే పూర్తి చేస్తాను. పూర్తి చేసి, బొబ్బిలి బండి కదిలే టైముకి కిటికీలోంచి చూపించి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెనక్కి వచ్చేస్తాను.

ఈ కిట్టు మామూలుది కాదు. నేను మూడో క్లాసులో ఉన్నప్పుడు తయారైంది. కోల్‌కతాలో ఒక పాత బొమ్మల కొట్టువాడు అటక మీంచి దించి ఇచ్చాడు. డబ్బా మీద పసుప్పచ్చ విమానం, కింద పచ్చిక బయలు. లోపల జిగురు ట్యూబు రాయిలా గడ్డకట్టింది, స్టిక్కర్లు టీ రంగుకి తిరిగాయి, ప్లాస్టిక్ మాత్రం కొత్తదిలా ఉంది. అది చూసి ఇద్దరం కొట్లోనే కావలించుకున్నాం. ఇప్పటిదాకా పద్నాలుగు విమానాలు చేశాం. అన్నీ చిన్నవే. యుద్ధ విమానాలు మా ఇద్దరికీ పడవు. ఇద్దరిలో ఎవరమూ ఇంతవరకు విమానం ఎక్కలేదు. రైల్వే పాసు పెట్టుకుని విమానం ఎందుకెక్కుతాం?

సాయంత్రం కడ్డీ అతికించాను. పడిపోయింది. లోపం జిగురుది.

జూన్ 6, శుక్రవారం

జిగురు మార్చాను. కడ్డీ ఈసారి గట్టిగా అతుక్కుంది, నా చూపుడువేలికి. స్వాతి వేడినీళ్ళలో ముంచి ఊడదీస్తూ, “పాపా, జేపీ అంకుల్‌ని బులా లో నా. ఇద్దరూ బచ్చోంలా చేస్తన్నారు” అంది. వాణ్ణి పిలవమనీ, ఇద్దరం చిన్నపిల్లల్లా చేస్తున్నామనీ. లోపం ట్వీజర్‌ది. పట్టు తగ్గింది.

జూన్ 8, ఆదివారం

పొద్దున జయప్రకాష్ వచ్చి తలుపు కొట్టాడు. నేను స్నానంలో ఉన్నానని చెప్పమన్నాను. నీలవేణి చెప్పింది. వాడు అరుగు మీద కూర్చున్నాడు. నేను కుర్చీలో కూర్చుని నలభై నిమిషాలు స్నానం చేశాను. చివరికి లేచి వెళ్ళాడు. తలుపు తీసి చూద్దును కదా, దాని మీద సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: సిక్. కింద తేదీ. కింద జె.పి. అని పొడిసంతకం.

మా ఇద్దరి ఉద్యోగమూ ఒకటే. యార్డులోకి వచ్చిన గూడ్సు వ్యాగన్లను సుత్తితో తట్టి చూస్తాం. లోపం ఉంటే దాని ఒంటి మీద సుద్దతో సిక్ అని రాస్తాం. ఇక ఆ వ్యాగన్ కదలకూడదు. బండిలోంచి విడదీసి సిక్ లైన్లోకి తోస్తారు. రిపేరు అయ్యేదాకా ఆ రాత ఎవరూ చెరపకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఇరవై ఏళ్ళుగా కొత్తవాళ్ళకి ఈ మాట చెప్తున్నవాణ్ణి నేనే.

నీలవేణి తడిగుడ్డ తెచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాను.

“ఏటండీ, ఇది వ్యాగనా? ఇంటి తలుపు!”

“రాత రాతే. చెరిపితే నా నోటితో చెప్పిన రూలు నేనే తప్పినట్టు.”

“అయితే రిపేరు చేయించుకోండి మరి” అని గుడ్డ బకెట్‌లో పడేసి వెళ్ళిపోయింది.

వ్యాగన్ మీదైతే లోపం ఏమిటో కూడా రాయాలి. వాడు రాయలేదు. పనిలో ఆ మాత్రం శ్రద్ధ లేదు వాడికి.

జూన్ 9, సోమవారం

పొద్దున ఏడింటికి పక్క క్వార్టర్ అప్పయమ్మగారు కొబ్బరిబొండం పట్టుకుని వచ్చింది. “ఏటి నాయనా, గుండేనా?” అని అడిగింది. కాదన్నాను. “దాచకు బాబూ, మీ జయప్రకాషే రాసేడంట కదా, వాడు ఊరికే రాయడు” అంది. ఎనిమిదింటికి తార్‌బహార్ పేట నుంచి నీలవేణి మేనత్త కొడుకు శివాజీ బత్తాయిలతో వచ్చి, కిడ్నీ గురించి మాట్లాడాడు. పాలవాడు డబ్బులు తర్వాత చూసుకుందాం అన్నాడు. ఇది మాత్రం మేలే.

ఈ కాలనీలో అందరూ రైల్వేవాళ్ళే. సిక్ అంటే ఏమిటో ప్రతి ఒక్కరికీ తెలుసు. లోపం రాయలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటున్నారు.

జూన్ 10, మంగళవారం

అరటిపళ్ళు నాలుగు డజన్లు. ఇవాళ నాకు షుగరు కూడా వచ్చిందట. పళ్ళు తెచ్చినవాళ్ళే చెప్పారు.

జూన్ 12, గురువారం

యార్డులో కూడా తెలిసిపోయింది. మా దగ్గర కొత్తగా చేరిన ప్రతాప్ నా కోసం స్టూలు తెచ్చి, “సర్, ఆప్ బైఠియే, నేను తట్టి వస్తాను” అన్నాడు. యాభై ఎనిమిది వ్యాగన్ల బండి నేనే తట్టాను. సుత్తికి వణుకు తెలియదు. సుత్తి బరువైనది. చిన్న వస్తువులే చెడ్డవి.

రిజిస్టరులో సంతకం చేస్తుంటే హెడ్ క్లర్కు రెండుసార్లు చూశాడు. లోపం పెన్నుది.

టీ సగం గ్లాసే పోయించుకున్నాను. ఏడాదిగా సగం గ్లాసే తాగుతున్నాను. ఆరోగ్యానికి మంచిది. రెండు చేతులతో పట్టుకుంటే చలికాలంలో వెచ్చగా కూడా ఉంటుంది. ఇప్పుడు చలికాలం కాదు, నిజమే.

జయప్రకాష్ అవతలి లైన్లో ఉన్నాడు. నావైపు చూడలేదు. నేను ఐదుసార్లు చూశాను, వాడు చూస్తున్నాడో లేదో తెలుసుకోవడానికి.

జూన్ 15, ఆదివారం

నీలవేణి, స్వాతి మస్తూరీలో పెళ్ళికి వెళ్ళారు. ఇల్లంతా నాదే. ఇవాళ వదిలేది లేదనుకున్నాను.

రెక్క పట్టుకోవడానికి మనిషి ఎందుకు? ఇడ్లీ పాత్ర బోర్లించి, దాని మీద రెండు పుస్తకాలు పేర్చి, బట్టల క్లిప్పులు నాలుగు తగిలించి రెక్కను నిలబెట్టాను. జయప్రకాష్ కన్నా ఇదే నయం. ఫ్యాను ఆపదు, మాట్లాడదు. కడ్డీ ఒక కొస గుంటలో దిగింది. ఊపిరి బిగబట్టాను. రెండో కొస కూడా దిగబోతుండగా మోచెయ్యి ఇడ్లీ పాత్రకి తగిలింది.

మోచెయ్యి తగల్లేదు. చెయ్యి ఎగిరింది. నేను ఎగరమనలేదు.

పుస్తకాలు పడ్డాయి, క్లిప్పు వెళ్ళి పసుపు రంగు సీసాలో పడింది, జిగురు చుక్క ముందు అద్దం మీద పడింది. అద్దం అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్, గోరంత. తుడవబోయాను. తుడిస్తే నా వేలిముద్ర దాని మీద అచ్చయింది. యాభై ఏళ్ళు డబ్బాలో ఒక్క గీత కూడా పడకుండా ఉన్న అద్దం.

ముక్కలన్నీ డబ్బాలో పెట్టి, మూత మీద సుద్దతో సిక్ అని రాశాను. సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ ఏడ్చాను. జిగురు ఘాటుకి కళ్ళు మండుతాయి.

జూన్ 17, మంగళవారం

నిన్న ఏమీ రాయలేదు. ఇవాళ డైరీ తెరిస్తే పన్నెండో తారీకు పేజీ మీద పచ్చటి వేలిముద్ర కనపడింది. పెయింటు అనుకున్నాను. వాసన చూశాను. వంటపసుపు.

సాయంత్రం నీలవేణి టీ తెచ్చింది. సగం గ్లాసు తెచ్చి, అది కూడా పెద్ద గ్లాసులో పోసి తెచ్చింది. నా రాత ఆవిడకి అర్థం కాదనుకున్నాను కదా.

జూన్ 19, గురువారం

మొదటి వాన. ఈదురుగాలి, జల్లు తిన్నగా తలుపు మీదికే కొట్టింది. గంట తర్వాత చూస్తే రాత లేదు. తెల్లటి చారలు కారి గడప మీదికి వచ్చాయి. నేను చెరపలేదు, ఎవరూ చెరపలేదు. వానని ఎవరూ తప్పు పట్టలేరు.

చాలా సంతోషంగా ఉంది. అప్పయమ్మగారు అటే వెళ్తూ తలుపు చూసి, “తగ్గిపోనాదా నాయనా?” అంది. తగ్గిపోయిందన్నాను. సంతోషంగానే ఉంది.

జూన్ 20, శుక్రవారం

డ్యూటీలో ఒక వ్యాగన్ వచ్చింది. దాని ఒంటి మీద వాన కడిగేసిన సుద్ద చారలు. ఏ యార్డులోనో ఎవరో సిక్ రాశారు, రాత పోయింది, దాంతో అది మంచి వ్యాగన్లతో కలిసి ఇక్కడి దాకా వచ్చేసింది. ప్రతాప్ వదిలేయబోయాడు. నేను కిందికి వంగి చూస్తే స్ప్రింగు పట్టీ చిట్లి ఉంది. వాడికి అరగంట క్లాసు తీసుకున్నాను. “రాత పోతే లోపం పోతుందా? వాన రిపేరు చేస్తుందా? సుద్ద కనపడకపోతే నీ అంతట నువ్వు చూడవా?” నా గొంతు యార్డంతా వినపడింది. ప్రతాప్ తలొంచుకుని నిలబడ్డాడు. సుద్దముక్క తీసి సిక్ రాయబోతే నా చెయ్యి వ్యాగన్ మీద టకటకా కొట్టుకుంది. ప్రతాప్ మెల్లగా సుద్ద తీసుకుని తనే రాశాడు.

ఇక దాచను. నా చెయ్యి వణుకుతోంది. ఏడాది కాదు, రెండేళ్ళు అయింది. మా నాన్న అమ్మన్నగారు ఈ యార్డులోనే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశారు. ఆఖరి రోజుల్లో ఆయన చెంబు రెండు చేతులతో పట్టుకుని నీళ్ళు తాగేవారు. భక్తి అనుకున్నాను. ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమెవ్వరం అడగలేదు. నాకు భయంగా ఉంది. చెయ్యి పోతే విమానాలు పోతాయి. విమానాలు లేకపోతే జయప్రకాష్ నా దగ్గరికి ఎందుకు వస్తాడు? వాడు వెళ్ళిపోయే ముందు ఆ మాట వాడికి తెలియకూడదనే వాణ్ణి తరిమేశాను. తరిమేస్తే ఎలాగూ రాడు కదా. ఇంత తెలివి నాది.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా సుద్దముక్క తీసుకున్నాను. తలుపు మీద రాశాను: సిక్. 20-6. లోపం: కుడి చెయ్యి వణుకు. కింద బి.ఆర్. అని నా పొడిసంతకం. అక్షరాలు పాకుతున్నట్టు వచ్చాయి. ఎవరైనా చదవగలరు.

జూన్ 21, శనివారం

నీలవేణి పొద్దున్నే తలుపు చదివింది. లోపలికి వచ్చి, చీర మార్చుకుని, “పదండి” అంది.

డాక్టర్ హరిప్రియగారు తెలుగావిడే, విజయనగరం వైపు. కాగితం ఇచ్చి లోపలి నుంచి బయటికి గుండ్రంగా చుట్టలా గీయమన్నారు. జిలేబీ వచ్చింది. అది కూడా చేయి తిరగని వాడు వేసిన జిలేబీ.

“చేతులతో సున్నితమైన పని ఏమన్నా చేస్తారా?”

“విమానాలు చేస్తానండి.”

ఆవిడ కలం కింద పెట్టారు. నీలవేణివైపు తిరిగి చాలా మెల్లగా, “ఎప్పట్నుంచమ్మా?” అని అడిగారు.

“పెళ్ళికి ముందు నుంచేనండి” అంది నీలవేణి. బొమ్మలని చెప్పదే! చివరికి నేనే చెప్పుకోవలసి వచ్చింది.

కుటుంబాల్లో వచ్చే వణుకట. ప్రాణానికి భయం లేదట, డ్యూటీకి అడ్డం కాదట. మాత్రతో కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు. “గడియారం రిపేరు లాంటి పనులు మాత్రం ఇంకొకరి సాయంతో చేసుకోండి” అన్నారు.

బయటికి వచ్చాక నీలవేణి ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. “మీకేదో అయిపోతోందని నేను గుళ్ళకి మొక్కుకుంటన్నాను. మీరేమో పెన్నుది లోపం, జిగురుది లోపం అని రాసుకుంటన్నారు.” డైరీ చదివినట్టు ఒప్పేసుకుంది. కోప్పడే మొహం నాకు లేదు.

జూన్ 22, ఆదివారం

పదింటికి జయప్రకాష్ వచ్చాడు. తలుపు కొట్టలేదు. చాలాసేపు బయటే నిలబడ్డాడు. నేనే తీశాను.

“ఇది నా చేతిరాత కాదే” అన్నాడు.

“నాదే.”

“లోపం కూడా రాసీసేవు.”

“రూలు. నువ్వు రాయలేదు.”

“రాస్తే కాలనీ అంతా చదవదేట్రా? నీ పరువని వదిలీసేను.”

“నువ్వు వదిలీబట్టే నాకు గుండె, కిడ్నీ, షుగరు అన్నీ వచ్చీసినాయి.”

వాడు నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. “రెండేళ్ళ బట్టి చూస్తన్నాను. నువ్వు చెప్తావేమోనని కూకున్నాను. నేను ఊరెల్పోతే నీకు ఈ మాట చెప్పేవోడెవడు? అందుకే ఆ రోజు నోరు జారీసేను” అన్నాడు.

నీలవేణి ఇద్దరికీ నిండు గ్లాసులు టీ తెచ్చింది. వాడి ఎదురుగా తాగాను. పావువంతు లుంగీ మీద పోయింది. వాడు చూశాడు, నేను చూడనిచ్చాను.

తర్వాత డబ్బా తీశాం. ఇకపై వాడు అతికించాలి, నేను ఎక్కడో చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో వాడు ఒక్క ముక్క అతికించలేదని అప్పుడు గుర్తొచ్చింది. భయంకరం. చక్రం తలకిందులుగా పెట్టాడు. “చక్రానికి తలకిందులేటిరా?” అని నన్నే అడిగాడు. అంచులు సాన పెట్టే పని నాకు ఇచ్చాడు. దానికి వణుకు కలిసొస్తోంది. గరుకు కాగితం పట్టుకుంటే చాలు, మిగతాది చెయ్యే చూసుకుంటోంది.

జూన్ 26, గురువారం

కుడి రెక్క కడ్డీ నిలబడింది. వాడు అతికించాడు, నేను అరిచాను. అద్దం మీద నా వేలిముద్ర పోలేదు. గోకితే అద్దం పోతుందని వదిలేశాం.

జూన్ 30, సోమవారం

వాడి రిటైర్మెంటు సభ. యార్డు తరఫున దండ నన్నే వెయ్యమన్నారు. ప్రతాప్‌ని వెయ్యమందామనుకున్నాను. తర్వాత నేనే లేచాను. దండ చేతిలో ఊగింది, బంతిరేకులు జయప్రకాష్ బూట్ల మీద రాలాయి. రెండుసార్లు వాడి చెవికే తగులుకుంది. అందరూ చూశారు. మూడోసారి వాడు తల వంచి దండలోకి తనే దూరాడు. చప్పట్లు కొట్టారు.

జూలై 3, గురువారం

ఎడమ రెక్క ఇవాళ పెట్టాలనుకున్నాం. వాడి ఇంట్లో మూటలు, వీడ్కోలు చెప్పడానికి వచ్చేవాళ్ళు. కుదరలేదు. వాడు పది నిమిషాలు వచ్చి, డబ్బా తెరిచి చూసి, మూసి, “నువ్వే ఎవులిచేతైనా పెట్టించుకో. స్వాతి చేతులు మంచివి” అని వెళ్ళాడు. నన్ను చూడకుండా చెప్పాడు. నాకు కోపం వచ్చింది.

జూలై 4, శుక్రవారం

సాయంత్రం లింక్ ఎక్స్‌ప్రెస్. బండి కదిలేటప్పుడు వాడు కిటికీలోంచి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను. నా వణుకు వాడి మోచేతి దాకా వెళ్ళింది. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా నడిచాను. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఏడుపొచ్చింది. జిగురు వాసన ఎక్కడా లేదు.

జూలై 5, శనివారం

పొద్దున్న స్వాతిని పిలిచి ఎడమ రెక్క పెట్టిద్దామని డబ్బా తెరిచాను. ఎడమ రెక్క లేదు. బల్ల కింద, మంచం కింద, చెత్తబుట్టలో కూడా వెతికాం. జయప్రకాష్‌కి ఫోన్ చేశాను.

“ఒరే, ఎడమ రెక్క కనపళ్ళేదు.”

“ఎలా కనపడుతుంది? నా సూట్‌కేసులో ఉంది.”

“దొంగతనమా?”

“కాదా మరి? నాకు ఇక్కడ పొద్దు పోవట్లేదు, వచ్చి నాలుగు గంటలైంది. డబ్బా పట్టుకుని నువ్వొచ్చీ. పాసుందిగా.”

పన్నెండింటికల్లా సెలవు కాగితం రాశాను. కారణం అన్నచోట ‘విమానం’ అని రాసి ప్రతాప్‌కి ఇచ్చాను. వాడు చదివి, “సర్, పెహలీ బార్ ఎక్కుతున్నారా? మొదటిసారైతే కిటికీ సీటు అడగండి” అన్నాడు. అడుగుతానన్నాను. సెలవు కాగితం మీద అక్షరాలు వంకరగా వచ్చాయి. తిరగరాయలేదు.